జలుబు బిళ్లకి సంతకం ఎందుకు?

మా అత్తయ్యగారు ఆడపడుచు పురిటికని అమెరికా వెళ్లారు. వాళ్లుండేది మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ ఊళ్లో. వెళ్లిన పదిరోజులకే ఆ చలికి ఆవిడకి ముక్కులు బిగుసుకుపోయాయి. ఆవిరి పట్టారు, మిరియాల చారు కాచుకున్నారు. లాభం లేకపోయింది. ఇక మందుల షాపుకి బయల్దేరారు.

"ఏమని చెప్పనే! తలనొప్పి బిళ్లలూ, కడుపునొప్పి బిళ్లలూ అన్నీ అరల్లో పేర్చి ఉన్నాయి. ఎవరిక్కావలసింది వాళ్లు తీసుకుని బుట్టలో వేసుకుంటున్నారు. ఈ జలుబు బిళ్ల మాత్రం బల్ల వెనకాల దాచిపెట్టారు. అడిగితే ఆ పిల్ల నా పాస్‌పోర్టు చూపించమంది. పేరు రాసుకుంది, సంతకం పెట్టించుకుంది. నేనేమైనా దొంగలా కనిపించానా?" అని తిరిగొచ్చాక మూణ్ణెల్లపాటు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పారు.

అనుమానం అత్తయ్యగారి మీద కాదు, ఆ బిళ్ల మీద. అందులో ఉండే మందు పేరు సూడోఎఫెడ్రిన్. మూసుకుపోయిన ముక్కుని తెరిపించడంలో దానికి మంచి పేరుంది. కానీ మెథాంఫెటమిన్ అనే మత్తుమందుకి అది దగ్గరి చుట్టం. వాళ్లు దాన్ని 'మెథ్' అంటారు. మన వంటింటి భాషలో చెప్పాలంటే ఒకటి రుబ్బిన పిండి, రెండోది అట్టు. ఇలా వేరే మందుకి పనికొచ్చే వాటిని ముడి రసాయనాలంటారు. చట్టం భాషలో ప్రికర్సర్లు. ఆ పిండి అట్టెలా అవుతుందన్నది నేనిక్కడ రాయను. ఆ పని మొదలుపెట్టిన ఇళ్లల్లో ఏం జరిగిందో, ఆ పొగ మన వాకిళ్ల దాకా ఎలా వచ్చిందో చెప్పాలని నా ఆరాటం.

ఈ మందు పుట్టింది అమెరికాలో కాదు. చైనా వైద్యంలో ఎప్పట్నించో వాడుకలో ఉన్న 'మా హువాంగ్' అనే మొక్క నుంచి 1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ నగయోషి ఎఫెడ్రిన్‌ని వేరుచేశాడు. అది ఆస్తమా రోగులకి ఊపిరిపోసింది. ఆయనే 1893లో దాన్నుంచి మెథాంఫెటమిన్ తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ సైనికులకీ, జపాన్ సైనికులకీ నిద్ర రాకుండా ఈ బిళ్లలిచ్చారు. యుద్ధం ముగిసింది గానీ అలవాటు మిగిలిపోయింది. ప్రభుత్వాలు తామే పంచిపెట్టిన దాన్ని తర్వాత తామే నిషేధించడం కొత్తేమీ కాదనుకోండి.

వంటింట్లో విషం

అమెరికాలో 1990ల్లో, ఆ తర్వాతి కొన్నేళ్లలో మెథ్ తయారీ ఇళ్లల్లోకి వచ్చింది. పెద్ద పెద్ద ముఠాల సంగతి అలా ఉంచండి. మామూలు పల్లెటూళ్లలో, చిన్న పట్టణాల్లో, పనులు పోయి, అలవాటులో పడినవాళ్లు తమ కోసం, పక్కనున్న నలుగురి కోసం ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టారు. కావలసినవి దాదాపు అన్నీ మందుల షాపులోనూ, పచారీ సామాన్ల షాపులోనూ దొరికేవే. పోలీసుల లెక్కకొచ్చినవే, అంటే దొరికిన తయారీ చోట్లూ, పారబోసిన వ్యర్థాల గుట్టలూ, సామగ్రీ కలిపి 2004లో దేశం మొత్తం మీద దాదాపు 24 వేలు. ఈ విషయంలో చాలా ఏళ్లు ముందు వరసలో నిలిచిన రాష్ట్రం, మా ఆడపడుచు వాళ్లుండే మిస్సోరీయే.

ఆ పని చేయడాన్ని వాళ్లు 'వండటం' అనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే నిజంగానే వంటింట్లోనే చేసేవాళ్లు. పిల్లలకి అన్నం వండే పొయ్యి మీదే. పాలసీసాలు పెట్టే ఫ్రిజ్‌లోనే ఆ ద్రవాలూ ఉండేవి. కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టిన దాన్ని నీళ్లనుకుని తాగి నోరూ గొంతూ కాలిన పిల్లలున్నారు. ఆ ఆవిళ్లు ఇట్టే అంటుకునేవి. ఒక్క నిప్పురవ్వతో ఇల్లు ఇల్లే పేలిపోయేది. కాలిన గాయాల ఆసుపత్రుల్లో మెథ్ వండుతూ కాలినవాళ్లు వరసగా చేరిన రోజులున్నాయి.

పేలనంత మాత్రాన బతికిపోయినట్టు కాదు. ఆ పొగ గోడలకి పడుతుంది, తివాచీలోకి ఇంకుతుంది, పరుపుల్లో, కర్టెన్లలో, బొమ్మల్లో ఉండిపోతుంది. పెద్దవాళ్లు నిలబడి తిరుగుతారు. పాకే పిల్లలు ఏం చేస్తారు? నేలమీద అరచేతులు పెడతారు, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. పోలీసులు దాడి చేసినప్పుడు అలాంటి ఇళ్లల్లోంచి పిల్లల్ని బయటికి తెచ్చి, ఒంటిమీద బట్టలు మార్పించి, స్నానం చేయించి పంపేవారు. ఇష్టమైన దుప్పటినీ, బొమ్మనీ కూడా తీసుకెళ్లనిచ్చేవారు కాదు, వాటికీ విషం పట్టి ఉంటుందని. అమ్మానాన్నలు జైలుకి, పిల్లలు తాతమ్మల దగ్గరికో, ముక్కూమొహం తెలియని వాళ్లింటికో. కథలు రాసేదాన్ని కదా, ఇలాంటిదే ఊహించి రాయాలని ఒకసారి కూర్చున్నాను. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కలం సాగలేదు.

ఒక కిలో సరుకు తయారైతే అయిదారు కిలోల విషపు వ్యర్థం మిగులుతుందని అక్కడి అధికారుల అంచనా. దాన్ని ఎక్కడ పోస్తారు? సింకులో, పెరట్లో, వాగుల్లో.

బల్ల వెనక్కి వెళ్లిన బిళ్ల

ఇళ్లన్నీ తిరిగి వెతకడం ఏ పోలీసుల వల్లా కాదు. అందుకని ముడిసరుకు మీద పడ్డారు. 2003 చివర్లో ఓక్లహామా రాష్ట్రంలో మెథ్ వండుతున్న మనిషి చేతిలో ఒక పోలీసు అధికారి చనిపోయాడు. ఆ దెబ్బతో 2004లో ఆ రాష్ట్రం సూడోఎఫెడ్రిన్ బిళ్లల్ని అరల్లోంచి తీసి బల్ల వెనక పెట్టించింది. తర్వాత 2006లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఒకరికి రోజుకి 3.6 గ్రాములు, నెలకి 9 గ్రాములు మించి అమ్మకూడదు. గుర్తింపు కార్డు చూడాలి, పుస్తకంలో రాసుకోవాలి, సంతకం తీసుకోవాలి. అత్తయ్యగారు పెట్టిన సంతకం ఇదే. ఓరెగాన్ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి డాక్టరు చీటీ లేనిదే ఇవ్వొద్దంది. 2022లో దాన్ని ఎత్తేశారు.

ఫలితం కనిపించింది. 24 వేలున్న లెక్క 2007 నాటికి 7 వేల దగ్గరికి పడిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ పెరిగి 2010లో 15 వేలు దాటింది. ఎలాగంటారా? వండేవాళ్లు తామే కొనడం మానేసి, డబ్బుకి ఇబ్బంది పడే వాళ్లని పదిమందిని పోగుచేసి పది షాపులకి పంపారు. ఒక్కొక్కరూ తమ వంతు కొనుక్కొచ్చి పెట్టెకింతని తీసుకునేవారు. చంకలో పిల్లాడితో వచ్చి జలుబు బిళ్లలు అడిగే తల్లిని ఎవరు అనుమానిస్తారు? మన దగ్గర కిరోసిన్ కార్డుల రోజుల్లో జరిగిన బాగోతాలు చూసిన వాళ్లకి ఇది అర్థం కావడానికి పెద్ద కష్టపడక్కర్లేదు.

చివరికి ఆ ఇంటి తయారీని తగ్గించింది చట్టం ఒక్కటే కాదు. మెక్సికో 2008లో తన దేశంలో సూడోఎఫెడ్రిన్‌ని నిషేధించింది. అక్కడి ముఠాలు ఆ ముడిసరుకుని వదిలేసి వేరే రసాయనాలతో, ఫ్యాక్టరీల స్థాయిలో చేయడం నేర్చుకున్నాయి. ఇంట్లో వండిన దానికన్నా చవగ్గా సరిహద్దు దాటి వస్తుంటే ఇంట్లో ఎవరు వండుతారు? ఇళ్లల్లో పొయ్యిలు ఆరాయి, మత్తు మాత్రం ఆరలేదు.

మామూలు జలుబుగాళ్ల సంగతేమిటి? సూడోఎఫెడ్రిన్ బల్ల వెనక్కి వెళ్లాక, కంపెనీలు దాని బదులు ఫినైల్‌ఎఫ్రిన్ అనే మందు వేసి బిళ్లల్ని మళ్లీ అరల్లో పెట్టాయి. ఇన్నేళ్లు అమ్మాక, 2023 సెప్టెంబరులో అమెరికా మందుల సంస్థ నియమించిన నిపుణుల సంఘం, నోటితో మింగే ఫినైల్‌ఎఫ్రిన్ ముక్కుదిబ్బడకి పనిచేయదని ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో ఆ సంస్థ దాన్ని ఆ బిళ్లల్లోంచి తీసేయాలని ప్రతిపాదించింది. మన ఇళ్లల్లో జలుబుకి వేసుకునే చాలా బిళ్లల్లో కూడా ఉన్నది ఇదే. అట్ట వెనక ఒకసారి చదివి చూడండి.

ఇంత చెప్పాక కూడా, ఆ సంతకం దండగ అని నేననను. ఆ రెండు మూడేళ్లలో ఎన్ని ఇళ్లల్లో పొయ్యి ఆగిందో, ఎంతమంది పాకే పిల్లలు బతికిపోయారో ఆలోచిస్తే అత్తయ్యగారి పాస్‌పోర్టు చూపించడం పెద్ద ఖరీదు కాదు. ఈ మాట ఆవిడతోనూ అన్నాను. "అదేదో ఆ పిల్ల ముందే చెబితే ఇంకో సంతకం పెట్టేదాన్ని" అన్నారు.

ఇంకో విషయం. మన పిల్లలు అక్కడ ఇళ్లు కొంటున్నారు. కొనేది పాత ఇల్లైతే అందులో గతంలో మెథ్ వండారేమో చూసుకోవాలి. అలా దొరికిన ఇళ్ల చిరునామాలతో అక్కడి మత్తుమందుల నిరోధక సంస్థ ఒక జాబితా పెట్టింది. అలాంటి ఇళ్లని ఎలా శుభ్రం చేయాలో 2009లో వాళ్ల పర్యావరణ సంస్థ మార్గదర్శకాలూ ఇచ్చింది. గోడకి కొత్త రంగు వేసినంత మాత్రాన విషం పోదు. ఆ జాబితాలోకి ఎక్కనివీ ఉంటాయి కాబట్టి ఇరుగుపొరుగుని అడగడం ఇంకా మంచిది. మా ఆడపడుచు ఇల్లు కొనేముందు ఆ వీధిలో నాలుగిళ్ల తలుపులు తట్టిందట. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవడానికి వెళ్లినట్టు!

మన వాకిట్లో

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారా? ముడి రసాయనాల మీద కన్నేసి ఉంచాలన్న ఒప్పందం 1988లో ఐక్యరాజ్యసమితిలో జరిగింది. ఆ తర్వాత మన ప్రభుత్వం 1993లో ఒకసారి, 2013లో మరింత కట్టుదిట్టంగా ఉత్తర్వులిచ్చింది. ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్, హెరాయిన్ తయారీకి వాడే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ లాంటివి ఎవరు తయారుచేసినా, కొన్నా, అమ్మినా లెక్క చూపాలి. తప్పితే పదేళ్ల దాకా జైలు. ప్రపంచంలో ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఎక్కువగా తయారుచేసే దేశాల్లో మనదీ ఒకటి మరి.

అందులోనూ మా హైదరాబాదు మందుల తయారీకి పుట్టిల్లు. బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని వందల కంపెనీలు పుట్టాయో, ఎంతమంది కెమిస్టులు తయారయ్యారో. ఎన్నో కుటుంబాలు అన్నం తింటున్నది ఆ విద్యతోనే. ఆ విద్యే కొందరి చేతుల్లో అడ్డదారి పట్టింది. మనవాళ్లు దొంగచాటుగా చేసేదాంట్లో తెలంగాణ పల్లెల్ని ఎక్కువగా కాల్చింది మెథ్ కాదు, అల్ప్రాజోలం.

అల్ప్రాజోలం మంచి మందే. కంగారు తగ్గడానికీ, నిద్రకీ డాక్టర్లు రాస్తారు. ఒక్కో బిళ్లలో ఉండేది పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. 2014 నుంచి మందుల షాపువాళ్లు దీని అమ్మకాలు విడిగా పుస్తకంలో రాయాలన్న నిబంధనుంది. కానీ దొంగచాటుగా తయారయ్యేది బిళ్ల కాదు, పొడి. ఒక్క కిలో పొడి అంటే అర మిల్లీగ్రాము బిళ్లలు 20 లక్షలు. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మన చట్టంలో 100 గ్రాములు దాటితేనే వ్యాపార పరిమాణం కింద లెక్క, అంటే కనీసం పదేళ్ల శిక్ష.

ఆ పొడి ఎక్కడికెళ్తుందో తెలుసా? కల్లులోకి. తాటిచెట్లూ, ఈతచెట్లూ తగ్గిపోయాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఒక కుండ కల్లుకి నాలుగు కుండల నీళ్లు కలిపి, తియ్యదనానికి శాకరిన్ వేస్తే మత్తు ఎక్కడినుంచి వస్తుంది? మొదట్లో క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు, తర్వాత డయజిపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. చెట్టెక్కి ప్రాణాలకి తెగించి కల్లు గీసే కార్మికుణ్ణి ఇందులో దోషిని చేయకండి. అతని చెట్టు కల్లుకి ఈ పొడి అక్కర్లేదు.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసింది. మంచి పనే. కానీ నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేలమందికి రోజూ అందే ఆ మందు ఒక్కసారిగా ఆగిపోయింది. మనుషులు వణికిపోయారు, ఫిట్స్ వచ్చాయి, లేనివి కనిపించి కేకలు వేశారు, కొందరు చనిపోయారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో జనం కిక్కిరిసిపోయారు. వాళ్లలో ఆడవాళ్లు తక్కువేం కాదు. నాట్లు వేసి, బీడీలు చుట్టి, సాయంత్రం నడుంనొప్పికి ఒక సీసా తాగే ఆడవాళ్లు. తాము తాగుతున్నది కల్లనే అనుకున్నారు పాపం, బిళ్ల అని వాళ్లకెవరు చెప్పారు?

2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు పదులమంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరికి డయాలసిస్ చేయాల్సివచ్చింది, పలువురు చనిపోయారు. ఆ మరుసటి సెప్టెంబరులో బోయినపల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే అల్ప్రాజోలం తయారుచేస్తుంటే తెలంగాణ ఈగల్ పోలీసులు పట్టుకున్నారు. అక్కడ పిల్లలు పాఠాలు చదువుకుంటున్నారు, అదే భవనంలో రియాక్టర్లు తిరుగుతున్నాయి. ఆ పిల్లల తల్లులు రోజూ టిఫిన్ డబ్బా సర్ది పంపిన బడి అది.

ఆ వార్త చదివిన రోజున మా మేడమీద పోర్షన్ ఖాళీగా ఉంది. గేటుకి 'టులెట్' బోర్డు వేలాడుతోంది. అద్దెకివ్వడమంటే మనం ఇంతవరకూ అడిగినవి ఏమిటి? ఎంతమంది ఉంటారు, నీళ్లెన్ని వాడతారు, మాంసం వండుతారా? ఎవరూ ఉండని ఇంటికి రాత్రిళ్లు డ్రమ్ములూ క్యాన్లూ ఎందుకొస్తున్నాయని అడగం. ఆరునెలల అద్దె ఒక్కసారే నగదుగా చేతిలో పెడితే సంబరపడతాం. పగలూ రాత్రీ కిటికీలు మూసి, అద్దాలకి కాగితాలు అంటించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం ఆగకుండా తిరుగుతుంటే, ముక్కు మండే ఘాటు వాసనొస్తుంటే, కాలువ పక్కన మొక్కలు మాడిపోతుంటే అడగాల్సిందే. ఇందులో ఏ ఒక్కటో ఉంటే కంగారుపడక్కర్లేదు. పక్కింటి కుర్రాడికి ఎండ పడక కిటికీ మూసుకున్నాడేమో! మూడు నాలుగు కలిస్తే మాత్రం తలుపు తోసుకుని లోపలికి వెళ్లకండి, దేన్నీ ముట్టుకోకండి, స్విచ్ కూడా వేయకండి. 1933కి ఫోను చేయండి. మత్తుమందుల సమాచారం ఇవ్వడానికి దేశమంతటికీ ఉన్న నంబరది. మన ఇంట్లో ఇలాంటిది జరుగుతోందని తెలిసీ ఊరుకుంటే, 1985 నాటి మత్తుమందుల చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం చేసినవాళ్లకి పడే శిక్షే ఇంటివాళ్లకీ పడుతుంది. ఇల్లు ఆయన పేరుమీదున్నా తాళాలిచ్చేది, అద్దె తీసుకునేది మనమే కదా!

మా ఇంట్లో పనిచేసే అక్కది మహబూబ్‌నగర్ వైపు పల్లె. 2015లో ఆమె మూడు రోజులు పనికి రాలేదు. నాలుగో రోజు వచ్చింది గానీ గిన్నె చేతిలో నిలవడంలేదు. "ఒళ్లంత చీమలు పాకుతున్నయమ్మా, నిద్ర పట్టుతలేదు" అంది. కల్లు మానేసింది కదా, మంచిదే అని ఇంటిపక్క వాళ్లు మెచ్చుకున్నారట. ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. అల్ప్రాజోలం అలవాటైన ఒంటికి అది ఉన్నట్టుండి ఆగితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన అదే రకం మందుని లెక్కప్రకారం ఇచ్చి, వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోను చేసి అడగొచ్చు. మత్తు మాన్పించే సాయానికి ప్రభుత్వం పెట్టిన నంబరిది.

అక్కకి మానడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి నెల్లో రెండుసార్లు ఇంట్లోంచి చెప్పకుండా వెళ్లిపోయి తాగొచ్చింది, వాళ్లాయన కొట్టబోయాడు, ఆమె కూతురు అడ్డం నిలబడింది. ఇప్పుడు బాగుంది. దసరాకి ఊరెళ్తే మాత్రం వాళ్ల మేనమామ గీసిన చెట్టు కల్లు, కళ్ల ముందు దింపితేనే, ఒక లొట్టి తాగుతుందట. "పట్నంల అమ్మేది మాత్రం ముట్టనమ్మా" అంటుంది.